ఈ జీతంలో ఎవరి వాటా ఎంత? ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనలో ఖర్చు లెక్క

రంజాన్ ఇరవై రోజులు దాటాక హైదరాబాద్ పత్తర్‌గట్టీలో నడవడానికి చోటుండదు. రాత్రి తరావీహ్ నమాజు అయినప్పటి నుంచి తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీ వేళ దాకా జనం కొంటూనే ఉంటారు. గాజులు, అత్తరు, కుర్తాలు, పిల్లల చెప్పులు, షీర్ ఖుర్మాకు సేమ్యా. పగలంతా గుక్కెడు నీళ్లు కూడా ముట్టని మనుషులే వీళ్లంతా. ఆకలిని అదుపులో పెట్టుకోవడం నేర్పే నెలలోనే పర్సు ఎక్కువసార్లు తెరుచుకుంటుంది. ఇది కపటం అని కొందరు తేల్చేస్తారు. పండగన్నాక ఖర్చుండదా అని ఇంకొందరు కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటు మాటలే. ఎందుకంటే అదే జనం అదే నెలలో ఇంట్లో కాగితం, పెన్ను ముందు పెట్టుకొని జకాత్ (సంపద మీద ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానం) లెక్క కట్టుకుంటారు. పండగ నమాజుకు ముందే పేదవాళ్ల ఇంటికి ఫిత్రా అనే పండగ దానం చేరేలా చూస్తారు. కొనడం, ఇవ్వడం ఒకే చేతి మీదుగా జరుగుతుంటాయి. ఈ రెండింటికీ ఉన్న సంబంధం అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

ఇస్లామిక్ ఆర్థికశాస్త్రం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వడ్డీ నిషేధం ఒక్కటే. కానీ మామూలు ఇంటి మనిషి సంచి పట్టుకొని బజారుకు వెళ్తే ఏం కొనాలి, ఎంతలో ఆగాలి అన్నదాని మీద కూడా ఈ ఆలోచనకు ఒక పద్ధతి ఉంది. డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పే నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది.

మేం క్లాసులో చెప్పే పాఠం ఇలా ఉంటుంది. వినియోగదారుడికి ఒక ఆదాయం ఉంటుంది, బజారులో ధరలు ఉంటాయి, అతనికి కొన్ని ఇష్టాలు ఉంటాయి. ఉన్న డబ్బుతో ఎక్కువ తృప్తి ఇచ్చే వస్తువులను ఎంచుకుంటాడు. ఆ ఇష్టాలు మంచివా చెడ్డవా అని మేం అడగం, అది మా పని కాదంటాం. యాపిల్ ఒకటి తగ్గితే ఎన్ని నారింజలు ఇస్తే అతను సరేనంటాడు అన్నదే లెక్క. అంటే దేన్నైనా దేనితోనైనా ఏదో ఒక రేటుకు మార్చుకోవచ్చు.

ఇస్లామిక్ ఆర్థికవేత్తలు ఈ లెక్కను పూర్తిగా కొట్టేయరు. దానికి ముందే ఇంకో ప్రశ్న అడుగుతారు: ఆ ఆదాయం మొత్తం నీదేనా? ఖుర్ఆన్ (57:7) సంపద విషయంలో మనిషిని యజమాని అనదు, దేవుడు దాని మీద ప్రతినిధిగా నియమించినవాడు అంటుంది. చేతిలో ఉన్నది అమానత్, అంటే ఒకరు నమ్మి అప్పజెప్పిన సొమ్ము. అలాంటి సొమ్ము వాడుకునే హక్కు ఉంటుంది, లెక్క చెప్పాల్సిన బాధ్యతా ఉంటుంది. కాబట్టి మనిషి కొట్టుకు వెళ్లకముందే ఆ డబ్బులో కొన్ని వాటాలు తేలిపోయి ఉంటాయి.

ఈ ఆలోచనలకు శాస్త్రం రూపం ఇవ్వడంలో మన హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనాజిర్ అహ్సన్ గీలానీ, అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలోనే ఈ విషయం మీద పుస్తకాలు రాశారు. 1908లో హైదరాబాద్‌లో పుట్టి తర్వాత పారిస్‌లో స్థిరపడ్డ ముహమ్మద్ హమీదుల్లా ఇక్కడి వడ్డీలేని పరపతి సంఘాల గురించి రాసి బయటి ప్రపంచానికి తెలిపారు. ఈ సంగతి మన దగ్గర చదువుకున్నవాళ్లకు కూడా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వాటాల సంగతికి వద్దాం. ఒక మనిషికి నెలకు 40,000 రూపాయల జీతం అనుకుందాం. ముందు నీతో మొదలుపెట్టు, మిగిలితే ఇంటివాళ్లకు, ఇంకా మిగిలితే దగ్గరి బంధువులకు అని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు సహీ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటలు, చేతల వివరాల) సంపుటంలో ఉంది. భార్యకు, చిన్నపిల్లలకు, ఆధారం లేని తల్లిదండ్రులకు పెట్టే ఖర్చును నఫఖా అంటారు. ఇది దయతో చేసే పని కాదు, ధర్మశాస్త్రం ప్రకారం వాళ్లకున్న హక్కు. భార్యకు సొంత ఆస్తి ఉన్నా ఆమె పోషణ భర్త మీదే ఉంటుంది, ఆమె సంపాదన ఆమెదే. గడువు వచ్చిన అప్పులు దీని పక్కనే నిలబడతాయి. ఇవన్నీ పోయాక మిగిలిన దాంట్లోనే సౌకర్యాలు, పొదుపు, సదఖా అనే ఐచ్ఛిక దానం.

ఇక్కడే పాఠ్యపుస్తకంతో అసలు తేడా వస్తుంది. అమ్మకు బీపీ మాత్రలు కావాలి, నాకు కొత్త ఫోన్ కావాలి. ఫోన్ కోసం ఎన్ని మాత్రలు తగ్గించుకోవచ్చు అనే రేటు ఈ పద్ధతిలో లేదు. మాత్రలు ముందు, అంతే. వాటి పని పూర్తయ్యాక ఫోన్లలో ఏది చవక, ఏది మన్నుతుంది అని ధరలు పోల్చుకోవడంలో తప్పేం లేదు. అక్కడ మామూలు ఆర్థికశాస్త్రమే పనిచేస్తుంది.

సౌదీ కేంద్ర బ్యాంకుకు చాలాకాలం సలహాదారుగా పనిచేసిన ఉమర్ ఛాప్రా దీన్ని రెండు జల్లెళ్లతో వివరించారు. ఆయన మాటను మన దగ్గరి ఉదాహరణతో చెబుతాను. సిమెంటు, ఇసుక, ఇటుక ఊళ్లో కొంతే ఉన్నాయి. ధర అనే జల్లెడ ఒక్కటే ఉంటే ఎక్కువ రేటు పెట్టగలిగినవాడి మూడో బంగళాకు అవి ముందు చేరతాయి, ఒంటిగది ఇల్లు కట్టుకోవాలనుకున్నవాడు రేటు చూసి వెనక్కి తగ్గుతాడు. బజారులో ఎవరూ తప్పు చేయలేదు, కానీ అవసరం ఉన్నవాడికి ఇల్లు రాలేదు. అందుకని కోరిక బజారుకు చేరకముందే, మనిషి మనసులోనే ఒక నైతిక జల్లెడ ఉండాలంటారు ఛాప్రా. ఉన్నవాళ్లు మూడో బంగళా ఆలోచన అక్కడే ఆపేసుకుంటే ఇసుక ధర మీద ఒత్తిడి తగ్గుతుంది. రెండో జల్లెడ, అంటే ధర, ఆ తర్వాత తన పని తాను చేసుకుంటుంది. ఒకరి ఖర్చు ఇంకొకరికి ధర అవుతుందన్న ఎరుక ఈ వాదనలో ఉంది. నాకు నచ్చేది అదే.

ఆ మొదటి జల్లెడకు కళ్లు ఎంత సన్నగా ఉండాలి? దీనికి పాత ధర్మశాస్త్రవేత్తలు మూడు మెట్లు చెప్పారు. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, 1388లో మరణించిన షాతిబీ దీన్ని వివరంగా రాశారు. మతం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద అనే ఐదింటిని కాపాడటానికి లేకపోతే కుదరనివి జరూరియాత్. లేకపోయినా బతకొచ్చు కానీ బతుకు కష్టమయ్యేవి హాజియాత్. జీవితానికి అందం, మెరుగు ఇచ్చేవి తహ్సీనియాత్. మూడూ న్యాయమైనవే. మూడో మెట్టు కోసం మొదటి మెట్టును పడగొట్టకూడదన్నదే షరతు.

చాలామంది ఈ మూడింటినీ వస్తువుల జాబితాగా అర్థం చేసుకుంటారు. బియ్యం అవసరం, ఫ్యాను సౌకర్యం, ఏసీ విలాసం అని. అది సరికాదు. ఫ్రిజ్ ఒక ఇంట్లో సౌకర్యం. ఇన్సులిన్ వేసుకునే మనిషి ఉన్న ఇంట్లో ప్రాణానికి సంబంధించిన వస్తువు. పాతికేళ్ల కింద సెల్‌ఫోన్ గొప్ప కోసం పట్టుకునేది. ఇవాళ డెలివరీ పనిచేసే కుర్రాడికి స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఆ పూట కూలి లేదు. అదే ఫోన్ నెల తిరగకుండా మార్చేవాడికి అది ఏ మెట్టు మీద ఉందో అతనికే తెలుసు. కాలం, ఊరు, ఆరోగ్యం, వృత్తి మారితే వస్తువు మెట్టు మారుతుంది.

దుబారా విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు అన్నిటికీ కలిపి ఫిజూల్ ఖర్చు అనేస్తారు గానీ ఖుర్ఆన్ రెండు మాటలు వాడింది. ఒకటి ఇస్రాఫ్: న్యాయమైన దాంట్లోనే హద్దు దాటడం. తినండి, తాగండి, మితిమీరకండి అన్నది (7:31) దీని గురించే. రెండోది తబ్జీర్: పెట్టకూడని చోట పెట్టడం. ఇలా చేసేవాళ్లను షైతానుల సోదరులు అనేంత కటువుగా మాట్లాడింది (17:27). తొలితరం వ్యాఖ్యాత ముజాహిద్ దీన్ని బాగా విప్పి చెప్పారు: మనిషి తన సొమ్మంతా న్యాయమైన దానికి పెట్టినా అది తబ్జీర్ కాదు, దోసెడు గింజలు అన్యాయమైన దానికి పెడితే తబ్జీరే. అంటే ఇక్కడ లెక్క మొత్తానిది కాదు, దారిది. ఇస్రాఫ్‌లో మాత్రం మొత్తం ముఖ్యం, అదీ ఎవరి స్తోమతను బట్టి వాళ్లకు.

తిండి దగ్గర ఇస్రాఫ్ కళ్లకు కనిపిస్తుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. అందులో 60 శాతం ఇళ్లలోనే పారేసింది. ఇఫ్తార్ విందుల తర్వాత ప్లేట్లలో మిగిలిపోయే బిర్యానీ చూసినప్పుడల్లా ఆ అంకె నాకు గుర్తొస్తుంది. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు ఊపిరికి అని తిర్మిజీ అనే మరో సంపుటంలో హదీసు ఉంది. మరో హదీసు అబూ జర్ అనే అనుచరుడికి చెప్పింది: పులుసు పెట్టేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి, పొరుగింటికి పంపు. పంచడానికి ధనవంతుడై ఉండాలన్న మాట అందులో లేదు.

ఇంతా విని, ఇది సన్యాసుల మార్గం అనుకుంటే పొరపాటు. చిరుగుల బట్టలతో వచ్చిన ఒక మనిషిని ప్రవక్త (స) నీకు ఆస్తి ఉందా అని అడిగారు. ఒంటెలు, మేకలు, గుర్రాలు అన్నీ ఉన్నాయన్నాడు. అయితే దేవుడిచ్చిన భాగ్యం నీ మీద కనిపించనీ అన్నారు. పిసినారితనం కూడా దుబారా అంత తప్పే. చెయ్యి మెడకు కట్టేసుకోకు, అలాగని పూర్తిగా చాచేయకు అంటుంది ఖుర్ఆన్ (17:29). దానానికి కూడా హద్దు ఉంది. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ అనే అనుచరుడు జబ్బు పడి తన ఆస్తంతా దానం రాస్తానంటే ప్రవక్త (స) వద్దన్నారు. సగం అన్నా వద్దన్నారు. మూడో వంతు చాలు, అదే ఎక్కువ, వారసులు ఇంకొకరి ముందు చెయ్యి చాచేలా వదిలి వెళ్లడం కంటే ఉన్నవాళ్లుగా వదిలి వెళ్లడం మేలు అన్నారు. బుఖారీ, ముస్లిం అనే రెండు సంపుటాల్లోనూ ఉన్న హదీసు ఇది.

హలాల్ మాట చాలాసార్లు వింటాం గానీ ఖుర్ఆన్‌లో (2:168) దాని పక్కనే తయ్యిబ్ అనే మాట ఉంటుంది, అంటే శుభ్రమైనది, మేలైనది అని. హలాల్ ముద్ర ఉన్న పాలల్లో కల్తీ ఉంటే అది తయ్యిబ్ కాదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు గోడకు తగిలించి, వంటవాళ్లకు రెండు నెలల జీతం ఆపిన హోటల్లో తినే ముద్ద గురించి కూడా కొనేవాడు ఆలోచించాల్సిందేనని నేను నమ్ముతాను.

పొదుపు గురించి మాట్లాడితే జకాత్ రాకుండా ఉండదు. ఖర్చు పాఠంలో జకాత్ ఎందుకంటే, కూడబెట్టే నిర్ణయాన్ని అది నేరుగా తాకుతుంది కాబట్టి. హద్దుకు, అంటే నిసాబ్‌కు మించిన సొమ్ము ఒక చాంద్రమాన సంవత్సరం చేతిలో ఉంటే అందులో 2.5 శాతం ఇవ్వాలి. మూడు లక్షలు బీరువాలో పెట్టి కదపకపోతే మొదటి ఏడు 7,500 పోతుంది. ఏటా ఇలాగే ఇస్తూ ఉంటే పదేళ్లకు మిగిలేది దాదాపు 2,33,000. కాబట్టి డబ్బును వ్యాపారంలో పెట్టి కదిలించు, లేదా వాడుకో, లేదా ఇవ్వు. ఊరికే పోగేసి పెట్టడం మాత్రం ఈ పద్ధతిలో గిట్టుబాటు కాదు. పంటకు లెక్క వేరు: వానాధారమైతే పదో వంతు, నీరు పెట్టి పండిస్తే ఇరవయ్యో వంతు. రైతు పెట్టిన కష్టం, ఖర్చు అందులో గుర్తించారు.

నిసాబ్ దగ్గర తెలుగు ఇళ్లలో ఒక గందరగోళం ఉంది, అది విప్పి చెప్పాలి. బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు అని పెద్దలు చెబుతారు. ఆ తులం పాత తులం, 11.664 గ్రాములు. అంటే బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. మన నగల దుకాణాల్లో మాత్రం ఇప్పుడు తులం అంటే 10 గ్రాములే. ఎనిమిది తులాల నగలున్న ఆమె హద్దు దాటాననుకుంటుంది, నిజానికి ఆమె దగ్గరున్నది 80 గ్రాములు. కానీ కథ అక్కడితో అయిపోదు. ఆమె దగ్గర కొంత నగదు కూడా ఉంటే, మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ అనే ధర్మశాస్త్ర పద్ధతిలో రెండూ కలిపి వెండి విలువతో పోల్చి చూస్తారు. అప్పుడు జకాత్ పడుతుంది. ప్రవక్త కాలంలో ఈ రెండు నిసాబ్‌లు, అంటే 20 దీనార్ల బంగారం, 200 దిర్హమ్‌ల వెండి, విలువలో దాదాపు సమానం. ఇవాళ రెండింటి మధ్య ఎంతో దూరం పెరిగింది. ఏది కొలమానం కావాలన్న చర్చ పండితుల్లో ఇంకా నడుస్తోంది. ఒంటి మీద వేసుకునే నగకు జకాత్ లేదని షాఫియీ అనే మరో పద్ధతి పండితుల్లో ఎక్కువమంది అంటారు, ఉందని హనఫీలు అంటారు. కొనేటప్పుడే అది నగనా, పొదుపా అని ఆలోచించుకోవాల్సి వస్తుంది.

అప్పు సంగతి ఇంకా కష్టమైనది. అప్పుల నుంచి కాపాడమని ప్రవక్త (స) ప్రార్థించేవారు. ఎందుకని అడిగితే, అప్పుపడ్డ మనిషి మాట్లాడితే అబద్ధం చెబుతాడు, మాటిస్తే తప్పుతాడు అన్నారు. అందులో నిందకన్నా జాలి ఎక్కువ వినిపిస్తుంది నాకు. ఇవాళ ఫోన్, ఫ్రిజ్, బైక్ అన్నీ ఈఎంఐ మీదే. నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేనట్టేగా అని పిల్లలు అడుగుతుంటారు. సున్నా శాతం వడ్డీ అన్నదే నిజానికి ఉండదని 2013లో రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ధరలోనో, వదులుకున్న డిస్కౌంట్‌లోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో దాగి ఉంటుంది. వడ్డీ వద్దనుకునే ముస్లింకు మన దేశంలో బ్యాంకు దారి దాదాపు లేదు. బ్యాంకుల్లో వడ్డీలేని విభాగం పెట్టే ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని 2017లో రిజర్వ్ బ్యాంకు తేల్చేసింది. మిగిలింది బంధువులు, స్నేహితులు, మసీదు చుట్టూ ఉన్న చిన్న సంఘాలు ఇచ్చే ఖర్జె హసనా, అంటే ఇచ్చినంతే తిరిగి తీసుకునే అప్పు. దాంతో ఆటో రిపేరు అవుతుంది, ఇల్లు కాదు. అందుకే ఇల్లు కొనాలన్నప్పుడు వచ్చే టెన్షన్ మాటల్లో తీరేది కాదు.

ఈ మొత్తం ఆలోచన మీద గట్టి విమర్శ కూడా ఉంది. తిమూర్ కురాన్ అనే ఆర్థికవేత్త అడిగే ప్రశ్న ఇది: ఈ నియమాలు అంత సాగేవిగా ఉంటే ఎవరైనా తన ఖర్చు మధ్యస్థమే అనుకోవచ్చుగా? లక్షల మంది ఉన్న సమాజంలో మనసులోని జల్లెడను నమ్ముకొని వనరులు పంచడం ఎలా? ఇంకొక అభ్యంతరం ఏంటంటే, మంచి ముస్లిం ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి, నిజంగా ముస్లింలు ఎలా ఖర్చు పెడుతున్నారో చూసి రాసినవి తక్కువ. ఈ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నిజమే. మొదటిదానికి సగం జవాబు ఉంది. నియమం ఒంటరి మనిషి మనసులో ఉన్నంతకాలం సాగుతుంది. నలుగురూ కూర్చొని ఒక మాట అనుకుంటే గట్టిపడుతుంది.

పెళ్లిలో ఇది బాగా కనిపిస్తుంది. ధర్మం ప్రకారం ఖర్చు వరుడిది: మెహర్ (వధువుకు చెల్లించే సొమ్ము) అతను ఇవ్వాలి, వలీమా (పెళ్లి విందు) అతను పెట్టాలి. ఒక్క మేకతోనైనా వలీమా చెయ్యి అని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ అనే అనుచరుడికి ప్రవక్త (స) చెప్పారు. మన దగ్గర అది తలకిందులైంది. జహేజ్ (కట్నం) సామాను, జోడే కీ రఖం అనే కట్నం సొమ్ము, లేన్ దేన్ (ఇచ్చిపుచ్చుకోవడాలు), ఫంక్షన్ హాలు, అన్నీ అమ్మాయి తండ్రి నెత్తిన. మా అక్క పెళ్లికి చేసిన అప్పు తీరడానికి మా ఇంట్లో ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ నాన్న జకాత్ ఇచ్చే స్థితిలో లేరు, ఒకసారి తీసుకోవాల్సిన స్థితికి కూడా వచ్చారు. ఆ పెళ్లిలో ఎవరూ హరామ్ (నిషిద్ధమైన) పని చేయలేదు. ప్రతి ఖర్చూ విడిగా చూస్తే ఆనవాయితీయే. మొత్తం కలిపితే ఇల్లు మునిగింది.

నికాహ్ మసీదులోనే జరగాలి, డీజే ఉంటే ఖాజీ రాడు అని తీర్మానాలు చేసుకున్న కమిటీలు ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఉన్నాయి. మా తమ్ముడి పెళ్లి అలాంటి తీర్మానం తర్వాతే జరిగింది. తిండి మాట వచ్చినప్పుడు అమ్మ ఒక హదీసు గుర్తు చేసింది: ధనికులను పిలిచి పేదవాళ్లను వదిలేసిన వలీమా భోజనం అన్ని భోజనాల్లోకీ చెడ్డది. ఒక కూర తగ్గించి, పిలిచేవాళ్ల లిస్టు మొదటి పేజీలో మా వీధి చివర బీడీలు చుట్టే ఇళ్ల పేర్లు రాసింది. తర్వాతే బంధువులవి రాయమని పెన్ను నాకిచ్చింది.